లారీ గేరు బలంతో పడదు

మా వంటింటి కిటికీ రోడ్డు వైపే. బడంగ్‌పేట్‌లో ఇళ్లు లేస్తున్నంత కాలం కంకర లారీలకు కొదవేముంది! మొన్నో సాయంత్రం పప్పుకు తాలింపు పెడుతుంటే బయట ‘కర్ర్’ మని పళ్లు నూరిన చప్పుడు. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటావిడ చటుక్కున అంది, “గేరు పడలే అక్కా. కొత్త పిలగాడు.”

ఆవిడ భర్త ట్రైలర్ లారీ నడుపుతాడు. మోకాలి ఆపరేషనై ఇంట్లో ఉన్నాడు. బండి సొంతమే కానీ అప్పు వాయిదాలు ఆగవు కదా! జీతానికి డ్రైవర్ని పెడితే రెండు నెలల్లో క్లచ్ ప్లేటు కాల్చేశాడు. క్లచ్ మీద కాలు ఆనించి నడిపితే అంతే మరి. ఆవిడకు కారు లైసెన్సు ఎప్పటినుంచో ఉంది. నేనే నేర్చుకుంటానని ఎల్.ఎల్.ఆర్. తెచ్చుకుంది. మొన్న ఆదివారం ఖాళీ జాగాలో, ట్రాలీ విప్పేసిన బండి మీద పాఠం. నన్నూ ఎక్కించుకున్నారు.

గేరు వేయడానికి మగవాళ్ల చేతి బలం కావాలనుకునేదాన్ని. “బలం ఏం అక్కెర లేదమ్మా, ఇంజను చప్పుడు ఇనాలె” అన్నాడాయన.

మన కార్ల గేరుబాక్సులో సింక్రోమెష్ అనే రింగులుంటాయి. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ల చక్రాలను అవే ఒక వేగానికి తెస్తాయి. పాత లారీల్లో అవి లేవు. అమెరికాలో మనవాళ్లు చూసే పెద్ద ట్రక్కుల్లోనూ మాన్యువల్ గేర్లయితే చాలావాటికి ఉండవు. ఆ పని డ్రైవరే చేయాలి. అదే డబుల్ క్లచ్. క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి. క్లచ్ వదిలి, ఇంజను వేగం తగ్గేదాకా ఒక్క క్షణం ఆగాలి. మళ్లీ నొక్కి పై గేరు వేయాలి. కింది గేరుకు దిగేటప్పుడు ఆగితే కుదరదు. న్యూట్రల్‌లో, క్లచ్ వదిలి ఉండగానే ఎక్సలేటర్ కాస్త తొక్కి ఇంజను వేగం పెంచాలి. చిన్నప్పటి తాడాట గుర్తుందా? ఇద్దరు తాడు తిప్పుతుంటే, లయ చూసుకుని గదా మనం దూకేవాళ్లం! ఇదీ అంతే. చెయ్యి తొందరపడితే ‘కర్ర్’.

ఇప్పటి మన లారీల్లో చాలావాటికి సింక్రోమెష్ వచ్చింది. ఆయన మాత్రం భార్యకు పాత పద్ధతే ముందు నేర్పుతున్నాడు, చెవి కుదురుతుందని.

అన్నేసి గేర్లెందుకని అడిగాను. పెట్రోలు కారు ఇంజను నిమిషానికి ఆరు వేల చుట్లు తిరగగలదు. పెద్ద డీజిల్ లారీ ఇంజను సాధారణంగా రెండున్నర వేలు దాటదు. ఆ కాస్తలోనే టన్నుల బరువు లాగాలి కాబట్టి మెట్లు దగ్గర దగ్గరగా ఉండాలి. అమెరికా ట్రక్కుల్లో 10, 13, 18 గేర్లుంటాయి. పది గేర్ల బండిలో ఐదు వేశాక కడ్డీ మీది స్విచ్చి ఎత్తి మొదటి చోటికే వస్తే అది ఆరో గేరు!

ఆయన గొంతు పెంచింది ఒక్కచోటే, దిగుడు దగ్గర. శ్రీశైలం ఘాట్‌లో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారట. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీదే. అవి వేడెక్కాక ఎంత తొక్కినా పట్టవు. అప్పుడు గేరు వేద్దామన్నా ఆ వేగంలో పడదు. అందుకే దిగుడు మొదలవక ముందే కింది గేరు వేసుకోవాలి. పోనీ డీజిలైనా మిగులుతుందా అంటే, ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలేటర్ వదిలితే డీజిల్ దానంతటదే ఆగిపోతుంది. మిగిలేదేమిటో!

ఇదంతా ఆడవాళ్లకెందుకనే పెద్దమనుషులు మా వీధిలోనూ ఉన్నారు. భోపాల్‌కు చెందిన యోగితా రఘువంశీ న్యాయశాస్త్రం చదివి, భర్త పోయాక లారీ స్టీరింగ్ పట్టారు. మన నల్గొండ బిడ్డ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరయ్యారు. 2025లో తెలంగాణ ఆర్టీసీలో చేరారు. మీలో ఎవరికైనా మనసుంటే, చట్టప్రకారం 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది కావాలి.

ఆ ఆదివారం ఆవిడ రెండుసార్లు ‘కర్ర్’ మనిపించింది. నేను కళ్లు మూసుకున్నాను. మూడోసారి చప్పుడే లేదు. ఆయన మెచ్చుకోలేదు. నొప్పి కాలు సర్దుకుని, “ఇగ పైది ఎయ్యి” అన్నాడు.