బ్లాక్ బాక్స్ ఎందుకు బద్దలవదు?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఎక్కడైనా విమానం కూలిందంటే ఆ కబురు వెనకాలే ఇంకో కబురు వస్తుంది, బ్లాక్ బాక్స్ కోసం గాలిస్తున్నారని. విమానమే తునాతునకలై, మనుషులే దక్కనప్పుడు ఆ పెట్టె మాత్రం ఎలా దక్కుతుంది? దక్కితే మాత్రం ఎవరికి లాభం? ఇవాళ ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పుకుందాం.

పేరుకి బ్లాక్ బాక్సేగాని దాని రంగు నలుపు కాదు. శిథిలాల మధ్య ఇట్టే కంటబడాలని నారింజరంగు వేస్తారు. మామూలుగా ఇవి రెండుంటాయి. ఒకటి విమానం ఎత్తు, వేగం, ఇంజన్ల తీరు వగైరాలను క్షణక్షణమూ నమోదు చేసుకుంటుంది. రెండోది పైలట్ల మాటలను, వాళ్ల గదిలో వినబడే చప్పుళ్లను పట్టి ఉంచుతుంది. కొన్ని కొత్త విమానాల్లో ఈ రెండు పనులూ ఒకే పెట్టె చేస్తోంది.

పైలట్ల మాటలు పట్టి ఉంచాలన్న ఆలోచన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్‌ది. 1934లో, ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు, తండ్రి విమాన ప్రమాదంలోనే పోయారు. 1953, 54లలో కామెట్ అనే కొత్త జెట్ విమానాలు ఒకదాని తరవాత ఒకటి కూలాయి. అందులో ఒకటి మన కలకత్తా దగ్గరే కూలింది. ఏం జరిగిందో చెప్పడానికి మనిషి మిగలలేదు. ఆ ప్రమాదాల గురించి ఆలోచిస్తుండగానే, మనుషులు పోయినా వాళ్ల మాట మిగలాలని వారెన్‌కి తోచింది.

ఇక పెట్టె తయారీ సంగతి. దానికి రాగల ఆపదలను వరసగా తలచుకుంటే తయారీ అదే అర్థమవుతుంది. మొదట దెబ్బ, తరవాత మంట, ఆ తరవాత నీళ్లు.

అసలు కాపాడవలసింది పెట్టె మొత్తాన్ని కాదు, సమాచారం దాచుకున్న చిన్న చిన్న చిప్పులను. వాటిని దళసరి స్టెయిన్‌లెస్ స్టీలు గుల్లలోగాని టైటానియం గుల్లలోగాని బిగిస్తారు. పూర్వంలాగా తిరిగే టేపు ఇప్పుడు లేదు కాబట్టి లోపల కదిలేదీ, తెగేదీ ఏమీ ఉండదు. ఈ గుల్లకు పరీక్షలు పెడతారు. తన బరువుకు 3,400 రెట్లు ఒక్కసారిగా మీద పడినంత దెబ్బకు అది ఓర్చుకోవాలి. 227 కిలోల బరువుకు కొసన ఉక్కుమేకు అమర్చి పది అడుగుల ఎత్తు నుంచి పడేసినా లోపలి చిప్పు చెడకూడదు. పైగా పెట్టెను సాధారణంగా తోక భాగంలో పెడతారు. ముక్కు ముందుగా గుద్దుకున్నప్పుడు తోక దాకా వచ్చేసరికి దెబ్బ కొంత నీరసిస్తుంది.

తరవాత మంట. మన చేతిగాజుల బంగారం కరిగేది 1,064 డిగ్రీల దగ్గర. ఈ పెట్టెను 1,100 డిగ్రీల మంటలో గంటసేపు ఉంచుతారు. స్టీలు వేడెక్కక మానదు. అందుకే స్టీలుకీ చిప్పులకీ మధ్య వేడిని సాగనివ్వని పదార్థం దట్టిస్తారు. కొన్ని రకాలలో ఆ పదార్థం తనలో తేమను ఇముడ్చుకుని ఉంటుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ పప్పు మాడదు కదా! నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. ఇక్కడా అదే సూత్రం. పెద్ద మంట ఆరినా శిథిలాలు లోలోపల కాగుతుంటాయి గనక 260 డిగ్రీల వేడిలో పది గంటలు ఉంచే పరీక్ష వేరే ఉంది.

మూడోది నీళ్లు. 6,000 మీటర్ల లోతున ఉండే ఒత్తిడికి పెట్టె నలగకూడదు. 2009 జూన్‌లో ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్‌లో కూలింది. దాని రికార్డర్లు 3,900 మీటర్ల లోతున దాదాపు రెండేళ్లు పడి ఉండి, 2011 మేలో పైకి వచ్చాయి. అందులోని మాటలు చక్కగా వినబడ్డాయి! ఇలా నీళ్లలోంచి తీసిన పెట్టెను ఆరబెట్టరు సుమండీ. గాలి తగిలితే ఉప్పు తినేస్తుందని, మంచినీళ్ల తొట్టెలోనే ఉంచి పరిశోధనశాలకు తీసుకుపోతారు.

మా చోడవరంలో ఈ మాటలొచ్చినప్పుడు ఆడవాళ్లు తప్పకుండా అడిగేదొకటుంది: విమానమంతా ఆ స్టీలుతోనే చేయకూడదా అని. చేస్తే ఆ బరువుకి విమానం లేవదు. లేచినా లాభం లేదు. స్టీలుడబ్బాలో కోడిగుడ్డు పెట్టి మేడమీంచి పడేయండి. డబ్బా సొట్టపడి ఊరుకుంటుంది, గుడ్డు మాత్రం చితుకుతుంది. మన శరీరం ఆ గుడ్డులాంటిదే.

గట్టిగా ఉంటే చాలదు, పెట్టె దొరకాలి కూడాను. అందుకే నీళ్లు తగలగానే సెకనుకొకసారి కూతపెట్టే బీకన్ ఒకటి తగిలిస్తారు. ఆ కూత మన చెవికి వినబడదు, ఓడలు దించే ప్రత్యేక పరికరాలకే అందుతుంది, అదీ కొద్ది కిలోమీటర్ల లోపలే. బ్యాటరీ పూర్వం 30 రోజులు వచ్చేది. తరవాత 90 రోజులు రావాలన్నారు.

పిలుపు అందకపోతే ఏమవుతుందో మన విశాఖ వాళ్లకి తెలుసు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్టుబ్లెయిర్ వెళ్తున్న వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి వెతికాయి. ఆ శకలాలు 3,400 మీటర్ల లోతున కనిపించాయని 2024 జనవరిలోగాని ప్రకటన రాలేదు. ఏడున్నరేళ్లపాటు ఆ ఇళ్లలో తల్లులూ భార్యలూ ఏమనుకుని పొద్దు పుచ్చారో ఊహించండి.

పెట్టె దొరికిన సంగతీ మనకు తెలిసినదే. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలి అయిదుగురూ మరణించారు. ఎన్నెన్ని పుకార్లు పుట్టాయో గుర్తుందా? శిథిలాల్లో దొరికిన రికార్డర్‌ని విచారణ సంఘం విన్నది. చివరి ఘట్టంలో పైలట్లు గేర్‌బాక్స్ నూనెకు సంబంధించిన లోపాన్ని పట్టుకోవాలని ఆరు నిమిషాలకు పైగా తలమునకలై ఉన్నారని తేలింది. అంతలో వాన మేఘాల్లోంచి కిందికి తోసే బలమైన గాలిలో హెలికాప్టర్ అదుపు తప్పిందని సంఘం చెప్పింది.

అయితే ఈ పెట్టె వజ్రకాయం అనుకోవద్దు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో కూలిన విమానంలో రెండు రికార్డర్లుంటే వెనకదాని నుంచి మామూలు పద్ధతిలో సమాచారం రాబట్టలేనంతగా అది దెబ్బతిన్నది. ముందరిది ఆదుకుంది. ముందొకటి, వెనకొకటి పెట్టడం అందుకే.

బ్లాక్ బాక్స్ పోయినవాళ్లను తీసుకురాలేదు. ఏం జరిగిందో తెలియక నలిగిపోయే ఇంటివాళ్లకి నిజం చెబుతుంది, రేపు విమానమెక్కే మన పిల్లలకి అదే ఆపద మళ్లీ రాకుండా దారి చూపుతుంది. అందుచేత ఈసారి అలాంటి దుర్వార్త విన్నప్పుడు, తప్పు ఫలానావారిదని ఎవరో ఫోనులో పంపిన కబురు పదిమందికీ చేరవేయకండి. పెట్టె విప్పేదాకా ఓపిక పట్టండి. పోయిన పైలట్‌కీ ఒక ఇల్లుంటుంది, ఆ ఇంట్లోనూ మనలాంటి ఆడవాళ్లే ఉంటారు.