మీకు తెలుసా? కథ చీలితే ఖర్చెవరిది?

నౌపడ జంక్షన్‌లో పట్టాలు చీలతాయి. ఒక దారి హౌరా–చెన్నై ప్రధాన మార్గం. రెండోది టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా ఒడిశాలోని గుణుపురం వెళ్తుంది. నౌపడ నుంచి తమ ఊరిదాకా పర్లాకిమిడి రాజావారు 1900లో చిన్న రైలు వేయించారు. తర్వాత దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. గుణుపురం చేరిన బండి నౌపడ రావాలంటే మళ్లీ అవే పట్టాల మీద వెనక్కి రావాల్సిందే.

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ వీడియో గేములు తయారుచేసేవాళ్లకు ఇలాంటి చీలికంటేనే భయం. లెక్క చూడండి. ప్రతి మలుపులో రెండే దారులు పెట్టి, వాటిని మళ్లీ కలపకుండా వదిలేస్తే పది మలుపులకు 1,024 కథలవుతాయి. ఇరవై మలుపులకు 10,48,576. ఆడేవాడు ఒక విడతలో చూసేది వాటిలో ఒక్కటే. బొమ్మలు గీసినవాళ్లకూ, మాటలు రాసినవాళ్లకూ, గొంతిచ్చినవాళ్లకూ మాత్రం అన్నిటికీ డబ్బులివ్వాలి. అందుకని చీల్చిన దారులను నాలుగైదు సన్నివేశాలు కాగానే గుట్టుచప్పుడు కాకుండా ఒకచోట కలిపేస్తారు. మీరు చేసిన పనిని మాత్రం ‘దొంగను వదిలేశాడు, అవును’ అని లోపల ఎక్కడో గుర్తు పెట్టుకుంటారు. పది గంటల ఆట తర్వాత ఆ దొంగే ఎదురొచ్చి దండం పెడతాడు. కథంతా మన చేతిలోనే నడిచిందని మురిసిపోతాం. ఇది మోసం అనేవాళ్లున్నారు. నాకైతే మంచి గారడీ అనిపిస్తుంది. చూసేవాడికి సంతోషం మిగిల్చే గారడీకి వంక పెట్టడమెందుకు?

ఖర్చుకు వెరవకుండా దారులను నిజంగానే విడదీసినవాళ్లూ ఉన్నారు. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2011లో తెచ్చిన ‘ది విచర్ 2’లో మొదటి అధ్యాయం చివర వెర్నన్ రోష్, ఐయోర్వెత్ అనే ఇద్దరిలో ఒకరి పక్షం పట్టాలి. ఎవరితో వెళ్లారన్నదాన్ని బట్టి రెండో అధ్యాయంలో మకాం మారిపోతుంది, మనుషులూ పనులూ అన్నీ మారిపోతాయి. ఒక్కసారి ఆడి పక్కన పెట్టేసినవాళ్లకు ఆ రెండో మకాంలోని కథ దక్కదు.

2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’కు 17 వేల రకాల ముగింపులున్నాయని దాన్ని తయారుచేసిన బెల్జియం కంపెనీ లారియన్ చెప్పుకుంది. అంకె చూసి గుండె జారనక్కర్లేదు. వాటిలో చాలావరకు చిన్న చిన్న తేడాలు కలిసి కూడికైనవే: ఎవరు బతికారు, ఎవరు అలిగి వెళ్లిపోయారు, ఎవరు ఎవరి చేయి పట్టుకున్నారు.

కష్టం పాళ్లు కుదర్చడం ఇంకా చిక్కు. 2006లో బెథెస్డా ‘ఆబ్లివియన్’లో ఒక ఉపాయం చేశారు. ఆడేవాడు బలపడేకొద్దీ శత్రువులూ బలపడతారు, వాళ్ల ఆయుధాలూ కవచాలూ ఖరీదైనవవుతాయి. ఆట ఎప్పటికీ చప్పబడకూడదని ఉద్దేశం. చివరికేమైంది? వేల బంగారు నాణేలు చేసే కవచం తొడుక్కున్న దారిదోపిడీ దొంగ అడ్డంపడి, వంద నాణేలిమ్మని బెదిరించేవాడు! ఒంటి మీది కవచం అమ్ముకుంటే సుఖంగా బతికేవాడు కదా అని ఆడినవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వు సంగతలా ఉంచితే, మనం ఎంత ఎదిగినా లోకం అంతే ఎదుగుతుంటే ఎదిగిన రుచే తెలియదు.

జపాన్‌లో యూజీ హోరీ 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ రూపొందించినప్పుడు కొత్తవాళ్ల మీద దయ చూపాడు. అందులో చచ్చిపోతే రాజుగారి ముందు మళ్లీ లేస్తాం. చేతిలోని బంగారంలో సగం పోతుంది. సంపాదించిన అనుభవం మాత్రం ఎక్కడికీ పోదు. చేతివేగం లేకపోయినా ఓపికుంటే ఎవరైనా చివరిదాకా వెళ్లొచ్చు. మన వైకుంఠపాళిలో ఆ దయ లేదు. పైవరసల్లో పెద్దపాము నోట పడ్డామా, ఎక్కిన నిచ్చెనలన్నీ వృథా. పైగా అక్కడ మనం ఎంచుకునేదీ ఏమీ లేదు, గవ్వలు ఎంత చెబితే అంత.

ఇంత దయలేని ఆట మనకు మరొకటుంది, కథ రూపంలో. భేతాళుడి ప్రశ్నకు సమాధానం తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. అంటే సరైన సమాధానానికి బహుమతి మొదటికి రావడమే. పాత కథల్లో చిట్టచివరి ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తోచదు, నోరు మెదపడు, అప్పుడే దారి తెరుచుకుంటుంది. తెలియకపోతేనే గెలిచే పరీక్షను ఏ గేము డిజైనరైనా ముచ్చటపడి చూడాలి. ‘చందమామ’ మాత్రం రాజు చేత నెలనెలా సమాధానం చెప్పించి, శవాన్ని నెలనెలా చెట్టెక్కించి, ఆ చక్రాన్ని దశాబ్దాల పాటు తిప్పింది.

ఇక ఆట నడక సంగతి. యుద్ధం వెనక యుద్ధం పెడితే వేళ్లు నొప్పి, మనసుకు విసుగు. ‘బాల్డర్స్ గేట్ 3’లో రాత్రి మకాం వేస్తేనే తోడు నడిచేవాళ్లు తమ గుట్లు విప్పే సన్నివేశాలు చాలావరకు వస్తాయి. తిండి సామగ్రి దాచుకుందామని పడుకోకుండా ఆడేవాళ్లకు కథలో సగం రుచి పోతుంది. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాల ‘కాశీమజిలీ కథలు’ నడిపింది కూడా ఈ పద్ధతిలోనే. కాశీకి నడిచి వెళ్తూ మజిలీలో దిగినప్పుడు గోపుడనేవాడు ఏదో వింత చూసి వస్తాడు, దాని కథ చెప్పమంటాడు, వెంట ఉన్న మణిసిద్ధుడు చెబుతాడు. కథ చెప్పకపోతే నడవనన్నది గోపుడు ముందే పెట్టిన షరతు! అలసిన కాళ్లకు విశ్రాంతి, విన్న కథతో రేపటి నడకకు ఊపు.

తెలుగు నేల మీద తయారైన గేము సంగతొకటి. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది. మన పురాణాల వాసనున్న కత్తియుద్ధాల ఆట. ఇక్కడ కథను చీల్చే బదులు స్థలాన్నే మార్చేశారు. చచ్చిపోయి మళ్లీ మొదలుపెడితే గదుల అమరిక కొత్తగా ఉంటుంది, నేర్చుకోవడానికి దొరికే విద్యల కొమ్మలూ కొత్తగా అల్లుకుంటాయి. నిన్న బట్టీపట్టిన మ్యాపు ఇవాళ పనికిరాదు. ఇన్ని కొత్త దారులకూ విడివిడిగా బొమ్మలు గీయనక్కర్లేదు, గీసిన ముక్కలనే కంప్యూటర్ ఎప్పటికప్పుడు కొత్త వరసలో పేర్చుకుంటుంది.