ఐదు చేపల లెక్క

పిల్లలూ, మీరు ఐదు క్లౌన్ చేపలు కొని అక్వేరియంలో వదిలారనుకోండి. ఐదూ ఒకే జాతివి, ఒకే సైజువి. కొన్నాళ్ళకు ఎన్ని మిగులుతాయి? ఉక్కునగరంలో ఉండే మా విద్యార్థి ఒకడు, తొమ్మిదో తరగతిలో ఉండగా, ఈ లెక్క తన ఇంట్లోనే చేసి చూశాడు.

నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలు, సర్కసులో బఫూనులా ఒళ్ళంతా ఊపుతూ ఈత. "అన్నీ కలిసిమెలిసి ఉంటాయి మాస్టారూ, సినిమాలోలాగా!" అన్నాడు మురిసిపోతూ. మూడు వారాలు తిరక్కుండానే రెండు చచ్చిపోయాయి. మూడోదాని తోక చీలికలు పేలికలైంది.

"జబ్బు చేసిందా మాస్టారూ?" అని ఏడుపు మొహంతో వచ్చాడు. నేను ముందు నీళ్ళనే అనుమానించాను. బీచికి వెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చి పోస్తే చాలదా అని మీరూ అనుకోవచ్చు. చాలదు. విశాఖ తీరంలో ఉప్పదనం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. అక్టోబరు ప్రాంతంలో పెద్ద నదుల వరదనీరు బంగాళాఖాతంలో కలిసి తీరం వెంబడి కిందికి వస్తుంది. అప్పుడు ఉప్పు బాగా తగ్గుతుంది. ఇక ఓడరేవులో నీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాని మనవాడు అక్వేరియం ఉప్పునే లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపాడు. హైడ్రోమీటరు వేసి చూస్తే అంతా సరిగానే ఉంది.

తప్పు నాదే. ముందు చేపల్ని చూడాల్సింది. ఇద్దరం తొట్టి ముందు గంటసేపు కూర్చున్నాం. అన్నిటికన్నా పెద్దది మిగతావాటిని తరుముతోంది. దొరికినది ఒక పక్కకు ఒరిగి, వణికినట్టు ఒళ్ళు కదిలిస్తోంది. "తప్పయింది, వదిలెయ్" అనడమన్నమాట. తోక చీలినది మాత్రం పైన ఫిల్టరు వెనక నక్కి బయటికే రావడం లేదు.

ఇదేం రౌడీతనం అంటారా? ఈ చేపలు పగడపు దిబ్బల్లో, సీ అనిమోన్ స్పర్శకాల మధ్య కాపురముంటాయి. మన దేశంలో అండమాన్, లక్షద్వీప్ సముద్రాల్లో చూడవచ్చు. అనిమోన్‌కు, మీరు హైడ్రా పాఠంలో చదువుకున్న దంశకణాలు ఉంటాయి కనుక వేరే చేపలు దగ్గరికి రావు. ఒక అనిమోన్‌లో ఉండే గుంపుకంతటికీ పెద్ద ఒక ఆడచేప. దాని తర్వాతి సైజుది మగచేప. మిగతావి గుడ్లూ పిల్లల జోలికి పోని చిన్నవి. ఆడచేప చనిపోతే ఏమవుతుందో తెలుసా? మగచేపే ఆడచేపగా మారిపోతుంది! చిన్నవాటిలో పెద్దది మగచేప స్థానంలోకి వస్తుంది. హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే అనే శాస్త్రజ్ఞులు 1977లో ఈ సంగతి ప్రకటించారు. ఆ లెక్కన 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో'లో తల్లి పోయాక తండ్రి చేప తల్లిగా మారాలి. సినిమావాళ్ళు ఆ జోలికి పోలేదు లెండి.

మరి చిన్నవి ఎందుకు ఓర్చుకుంటాయి? తమ వంతు కోసం. అంతవరకు తమ ఎదుగుదలనే అదుపులో పెట్టుకుంటాయి! పాపువా న్యూగినీలో పీటర్ బస్టన్ పరిశీలించి 2003లో ఇది రాశాడు. పై మెట్టు చేప కింది మెట్టు చేపకు సుమారు ఒకటింపావు రెట్లు ఉంటుంది. ఆ తేడా తగ్గిందా, కిందిదాన్ని తరిమేస్తారు.

ఇప్పుడు దుకాణంలో కొన్న ఐదు చేపల్ని తలుచుకోండి. అన్నీ ఒకే సైజు! పెద్దెవరో చిన్నెవరో కొట్లాడి తేల్చుకోవాలి. ఓడినది పారిపోదామంటే నాలుగు వైపులా అద్దమే.

అందుకే ఒక పెద్దది, ఒక చిన్నది, ఒకే జాతివి, ఒకేసారి వదలండి. పెద్దది ఆడచేప అవుతుంది. బాగా చిన్న పిల్లల్ని గుంపుగా పెంచేవారూ ఉన్నారు కాని, అందులో ఒక జంట ఎదగగానే మిగతావాటికి వేరే తొట్టి సిద్ధంగా ఉండాలి. అనిమోన్ కొననక్కర్లేదు. అది లేకపోయినా ఇవి బతుకుతాయి. కొనేటప్పుడు మాత్రం హేచరీలో పుట్టినవేనా అని అడగండి. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వీటిని పెంచి చూపించారు. సముద్రంలోంచి పట్టి తేనక్కర్లేదు.

మనవాడు తోక చీలినదాన్ని వేరుచేసి, అది కోలుకున్నాక దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు. మిగిలిన రెండూ ఇప్పుడు జంట. మొన్న ఫోన్ చేశాడు. తొట్టి మూలనున్న పెంకు ముక్కను రెండూ నోటితో తెగ శుభ్రం చేస్తున్నాయట. గుడ్లకు చోటు చూసుకుంటున్నాయి కాబోలు. పెడితే కాపలా పని ఎక్కువగా తండ్రిదే. వారం, పది రోజుల్లో పొదుగుతాయి. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోమన్నాను.