పరుగు, సైకిల్, టిఫిన్ బండి: మూడింటికీ కలిపి ఒకటే లెక్క

ఈ ఎపిసోడ్‌లో పొద్దున్నే పరుగు, సైక్లింగ్, ఆ తర్వాత దార్లో తినే టిఫిన్ గురించి మాట్లాడుకుందాం. హైదరాబాద్ శివార్లలో ఉండేవాళ్ళకి ఈ మూడూ ఒకే గంటన్నరలో జరిగిపోతాయి. అందుకే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అయిదు కిలోమీటర్లు పరిగెత్తి, వచ్చేటప్పుడు బండి దగ్గర దోశ తింటే ఇంక లాభమేంటండీ?" లాభం ఉంది. ఎంత ఉందో, ఎక్కడ పోతుందో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు నా సంగతి. నేనుండేది మణికొండలో. వయసు నలభై ఎనిమిది. మూడేళ్ళ కిందట హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.2 వచ్చింది. గత రెండు మూడు నెలల్లో రక్తంలో షుగర్ సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష ఇది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి డయాబెటిస్ కింద లెక్క. మా నాన్నగారికి షుగర్ ముదిరి కాలి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. కాబట్టి 6.2కీ 6.5కీ ఉన్న తేడా నాకు చిన్న అంకెలా కనిపించలేదు. ఇప్పుడు 5.8 దగ్గర ఉంది, మందులు లేవు. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. ఏం చేస్తున్నానో మాత్రం చెప్తాను.

వ్యాయామం షుగర్ మీద ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం చూద్దాం. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. ఆ తర్వాత కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత ఆ ప్రభావం తగ్గిపోతుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలొద్దని డాక్టర్లు చెప్తారు. ఆదివారం ఒక్కరోజే అరవై కిలోమీటర్లు తొక్కి మిగతా ఆరు రోజులు కుర్చీలో కూర్చునేవాళ్ళ కంటే, వారానికి నాలుగైదు రోజులు అరగంట కదిలేవాళ్ళకి షుగర్ విషయంలో ఎక్కువ మేలు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే అరగంట చొప్పున అయిదు రోజులు. సరిపోయింది కదా!

ఇప్పుడు పరుగు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఇరవై నిమిషాలు చాలు. వారానికి మూడు రోజులు. వేగం ఎంతుండాలి అంటే, పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. మా కాలనీలో ఆరుగురం కలిసి వెళ్తాం. మాటలు ఆగిపోగానే ఎవరో ఒకరు "తగ్గించండి బాబూ" అంటారు. వాచీ అక్కర్లేదు.

సైకిల్ విషయానికొస్తే, మా పక్కనున్నవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ పలకల కప్పుతో, 2023 అక్టోబర్ 1న మొదలైంది. ఒక భాగం నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ జంక్షన్ దాకా 8.5 కిలోమీటర్లు, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. కార్లూ లారీలూ లేని దారి కాబట్టి కొత్తవాళ్ళు అక్కడ ధైర్యంగా తొక్కొచ్చు. ఎండాకాలంలో ఆ కప్పు విలువ తెలుస్తుంది. ఇబ్బంది అంతా ఇంటి గేటు నుంచి ట్రాక్ దాకా వెళ్ళే రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడ ఆరున్నర దాటితే గానీ సూర్యుడు రాడు. కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: సైకిల్ ఎప్పుడూ ఎడమవైపు, వాహనాలతో పాటు. ఫుట్‌పాత్ లేని చోట పరుగు మాత్రం కుడివైపు, వాహనాలకి ఎదురుగా. వచ్చేది కనపడుతుంది, పక్కకి తప్పుకోవచ్చు.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. పెడల్ బాగా కిందకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా ఉండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాళ్ళ నొప్పి అని సైకిల్ మానేసినవాళ్ళలో కొందరికి అసలు కారణం సీటు మరీ కిందకి ఉండటమే.

సరే, ఇప్పుడు అసలు లెక్క. పరుగుకి సుమారుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక క్యాలరీ. డెబ్భై కిలోల మనిషి అయిదు కిలోమీటర్లు పరిగెడితే దాదాపు 350. సైకిల్‌కి అదే దూరానికి అందులో మూడో వంతు లేదా ఇంకా తక్కువే. అంటే పదిహేను కిలోమీటర్లు తొక్కితే గానీ అయిదు కిలోమీటర్ల పరుగుతో సమానం కాదు. ఇక ప్లేటు వైపు చూడండి. రెండు ఇడ్లీ, సాంబారు, కొంచెం చట్నీ అయితే 200 ప్రాంతం. మసాలా దోశ, ఒక వడ, పంచదార చాయ్ కలిపితే 600 తేలిగ్గా దాటుతుంది. బండిని బట్టి, నూనెని బట్టి ఇవి మారతాయి. లెక్క ఎటు పోతుందో మాత్రం అర్థమవుతుంది.

మరి టిఫిన్ మానేయాలా? నేను మానెయ్యమనను. పొద్దున అయిదింటికి మనిషిని మంచం మీంచి లేపేది చాలాసార్లు ఆరోగ్యం మీద భయం కాదండి. "బండి దగ్గర అందరూ ఉంటారు" అన్న ఆలోచన. ఆ పావుగంట కబుర్లు తీసేస్తే మా ఆరుగురిలో సగం మంది నెలలో మానేస్తారు. కాబట్టి బండిని ఉంచండి, ప్లేటుని మార్చండి.

నేను చేసేది ఇది. వారంలో ఎక్కువ రోజులు "అన్నా, ఉల్లి పెసరట్టు, ఉప్మా వద్దు, నూనె తక్కువ" అంటాను. పెసల్లో ప్రోటీన్ ఉంటుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. పెసరట్టు లేకపోతే రెండు ఇడ్లీ, సాంబారు ఎక్కువ. పల్లీ చట్నీ రెండోసారి వేయించుకోను, రుచంతా అందులోనే ఉన్నా సరే! వడ, పూరీ, మైసూర్ బజ్జీ ఆదివారానికి. చాయ్ వన్ బై టూ, ఎందుకంటే పంచదార ముందే కలిపేసి ఉంటుంది. రాగి జావ మంచిదే, కానీ పిండి పల్చగా ఉడికించింది కాబట్టి షుగర్‌ని అదీ పెంచుతుంది. మజ్జిగ కలిపి ఒక గ్లాసుతో ఆపండి. తిన్నాక వెంటనే బండెక్కి ఇంటికెళ్ళకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్న తర్వాత పెరిగే షుగర్ కొంత అదుపులో ఉంటుంది.

బండిని ఎంచుకోవటం కూడా ముఖ్యమే. జనం తిరిగే చోట, కళ్ళముందు పెనం మీంచి తీసిన వేడి పదార్థం తినండి. ప్లేటు మీద ప్లాస్టిక్ కవర్ వేసి దాని మీద వేడి ఇడ్లీ పెడుతుంటే, విస్తరాకో ఉత్త స్టీలు ప్లేటో అడగండి. నీళ్ళు మీ సీసాలోవే తాగండి.

చివరగా ఒక హెచ్చరిక. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో పరిగెడితే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగటం వస్తే వెంటనే ఆగి గ్లూకోజ్ గానీ పంచదార గానీ నోట్లో వేసుకోవాలి. అది జేబులో ఉండాలి, ఇంట్లో ఉంటే లాభం లేదు. ముందుగా మీ డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించేవాళ్ళు అసలు ఆలస్యం చేయొద్దు.

ఈ వారం మీరు చేయాల్సిన పని ఒక్కటే. మీ కాలనీలో ఒక్క మనిషిని వెతుక్కోండి, ఒక బండి, ఒక టైం అనుకోండి. దూరం సంగతి తర్వాత చూసుకోవచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎలా మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం.