ఇంట్లో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్: ఇబ్బందులు, కారణాలు, సంరక్షణ

ముల్చేర, అహేరి, ఆలాపల్లి, సిరోంచ ప్రాంతాల్లో ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ముందువైపు గుండ్రని అద్దపు తలుపు గల వాషింగ్ మెషిన్ ఇప్పుడు కొత్త వస్తువు కాదు. అయితే దాని ఖరీదు చాలా కుటుంబాలకు నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము. కొన్న కొద్ది కాలానికే దుర్వాసన వస్తున్నదనీ, నీరు నిండడం లేదనీ, తలుపు తెరుచుకోవడం లేదనీ ఇబ్బందులు మొదలవుతాయి. కంపెనీ మెకానిక్ తరచుగా చంద్రపూర్ నుంచో గడ్చిరోలి నుంచో రావలసి ఉంటుంది. గడ్చిరోలి నుంచి సిరోంచకు దూరమే సుమారు 200 కిలోమీటర్లు. 2022 జులైలో వలె ప్రాణహిత, గోదావరి నదులు పొంగి దారులు మునిగితే ఆ రాక మరింత ఆలస్యమవుతుంది. యంత్రంతో ఇచ్చే పుస్తకంలోనూ తెలుగు సాధారణంగా ఉండదు.

ఈ ఇబ్బందుల్లో పెక్కు యంత్రంలోని లోపం వల్ల కలిగేవి కావు. నీరు, సబ్బు, గాలి అనే మూడింటిని సరిగా చూసుకోకపోవడం వల్ల కలిగేవి. కారణం తెలిస్తే వాటిని గృహస్థులే సరిదిద్దుకోగలరు.

యంత్రం పనిచేసే తీరు

చాకిరేవులో బట్టను పైకెత్తి బండపై కొట్టినప్పుడు మురికి వదులుతుంది. ఫ్రంట్ లోడ్ యంత్రంలో జరిగేదీ దాదాపు అదే. అడ్డంగా తిరిగే డ్రమ్ము తడిబట్టలను పైకి తీసుకువెళ్లి కిందికి జారవిడుస్తుంది. ఆ పడడంలోని తాకిడే బట్టను శుభ్రం చేస్తుంది. బట్టలు నీటిలో మునిగి తేలవలసిన అవసరం లేనందున పైనుంచి బట్టలు వేసే యంత్రం కంటే దీనికి నీరు చాలా తక్కువ పడుతుంది. నీరు బయటికి రాకుండా తలుపు చుట్టూ మందపాటి రబ్బరు పట్టీ ఉంటుంది. దీనినే గాస్కెట్ అంటారు.

తక్కువ నీరు, గట్టిగా మూసుకొనే తలుపు: ఈ యంత్రం మేలు ఇందులోనే ఉన్నది, చిక్కులూ ఇందులోనే ఉన్నాయి. తక్కువ నీటిలో ఎక్కువ సబ్బు వేస్తే అది పూర్తిగా పోదు. మూసిన తలుపు వెనుక తేమ ఆరదు.

దుర్వాసన, నల్లమచ్చలు

రబ్బరు పట్టీ మడతలో ప్రతిసారీ కొంత నీరు, పీచు, సబ్బు జిడ్డు మిగిలిపోతాయి. పని ముగియగానే తలుపు మూసివేస్తే ఆ తేమలో బూజు పెరుగుతుంది. ఎల్లప్పుడూ చల్లని నీటితోనే ఉతికే ఇళ్లలో డ్రమ్ము వెనుక కంటికి కనబడని జిడ్డుపొర ఏర్పడి, ఉతికిన బట్టలకు కూడా ముక్కవాసన పడుతుంది. అధికంగా వాడిన కండిషనర్ ఈ పొరను మరింత పెంచుతుంది.

దీనికి చేయవలసినవి స్వల్పమైన పనులే. ఉతుకు పూర్తి కాగానే బట్టలు తీసివేయాలి. పొడిగుడ్డతో పట్టీ మడతను వేలితో విప్పి లోపలివరకు తుడవాలి. తలుపును, సబ్బు సొరుగును కొద్దిగా తెరిచి ఉంచాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం తెరిచిన డ్రమ్ము ప్రమాదకరం. పిల్లలు లోపలికి దూరే అవకాశం ఉన్నందున, పెద్దలు దగ్గర ఉన్నంతసేపే తలుపు తెరిచి, లోపల ఆరిన తరువాత మూసివేయాలి. నెలకొకసారి బట్టలు లేకుండా ‘టబ్ క్లీన్’ నడపాలి. ఆ సదుపాయం లేని యంత్రంలో 60 డిగ్రీల వేడినీటి ఉతుకు ఎంచుకోవచ్చు.

సబ్బు ఎక్కువైతే ఉతుకు తక్కువ

నురగ ఎంత వస్తే అంత శుభ్రమనే నమ్మకం చేతి ఉతుకు కాలం నాటిది. ఈ యంత్రంలో నురగ మెత్తగా పరుచుకొని బట్టలు పడే తాకిడిని తగ్గిస్తుంది. నురగ మితిమీరితే సొరుగు నుంచి పొంగుతుంది, లేదా యంత్రం అదనంగా జాడించి సమయమూ నీరూ ఖర్చు చేస్తుంది. చేతితో ఉతకడానికి చేసిన పొడిని ఇందులో వాడరాదు. ప్యాకెట్టుపై ‘ఫ్రంట్ లోడ్’ అని ముద్రించిన, తక్కువ నురగ వచ్చే పొడిని లేదా ద్రవాన్ని, ప్యాకెట్టుపై సూచించిన మోతాదులో వాడాలి.

సబ్బు సొరుగులో సాధారణంగా మూడు అరలు ఉంటాయి. ఒక నిలువుగీత గల అర ముందస్తు ఉతుకుకు, రెండు గీతలు గల అర అసలు ఉతుకుకు, పువ్వు గుర్తు గల అర కండిషనర్‌కు ఉద్దేశించినవి. రోజువారీ ఉతుకుకు వేయవలసిన పొడిని రెండు గీతల అరలోనే వేయాలి. పొరపాటున ఒక గీత అరలో వేస్తే, ముందస్తు ఉతుకు ఎంచుకోనప్పుడు ఆ పొడి బట్టలను చేరకుండా అక్కడే గడ్డకట్టవచ్చు.

కఠిన జలం

సున్నపురాయి పొరలను తాకి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సిరోంచ సమీపంలోని కోట గ్రామం పేరుతో భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే కోట శిలాశ్రేణిలో సున్నపురాయి పొరలున్నాయి. పురాతన చేపల శిలాజాలకు అవి ప్రసిద్ధి. బోరుబావి నీరు ఏ రాతిపొర నుంచి వస్తున్నదో దానిని బట్టి దాని కాఠిన్యం ఉంటుంది. ఒకే వీధిలో రెండు బోర్ల నీరు ఒకే విధంగా ఉండకపోవచ్చు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే 600 వరకు అనుమతి ఉన్నది.

ఇంట్లో పరీక్షించుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. మూతగల సీసాలో సగం నీరు పోసి, సాధారణ సబ్బు తురుము కొద్దిగా వేసి గట్టిగా గిలకరించాలి. నురగ నిండుగా వస్తే నీరు మృదువైనది. నురగ రాక, పాలు విరిగినట్లు తెల్లని తెట్టు కడితే కఠినమైనది.

కఠిన జలాన్ని వేడిచేసినప్పుడు యంత్రంలోని హీటరుపై తెల్లని సున్నపు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని నీటికి చేరనివ్వదు. ఫలితంగా విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది, హీటరు త్వరగా కాలిపోతుంది. తువ్వాళ్లు గరుకుదేలుతాయి. ఇందుకు కంపెనీ అనుమతించిన పెచ్చు తొలగించే పొడిని నీటి కాఠిన్యాన్ని బట్టి రెండు మూడు నెలలకొకసారి, బట్టలు లేకుండా వాడాలి. ఇటువంటి పొడులలో తరచుగా ఉండేది నిమ్మ ఉప్పు. ఈ పొడినిగాని, వెనిగర్‌నుగాని బ్లీచింగ్ ద్రవంతో ఎన్నడూ కలపరాదు. ఆ కలయికలో ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

నీరు నిండకపోవడం

మిద్దెపై ట్యాంకు నుంచి నీరు తీసుకునే ఇళ్లలో ఇది సర్వసాధారణం. నీటి ఒత్తిడి ట్యాంకు ఎత్తుపై ఆధారపడుతుంది. 10 మీటర్ల ఎత్తు ఉంటే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒకే అంతస్తు ఇంటి మిద్దెపై ట్యాంకు ఉండి, కింద యంత్రం ఉంటే దక్కేది 0.3 బార్ మాత్రమే. యంత్రానికి కావలసిన కనీస ఒత్తిడి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. అది తక్కువపడితే ట్యాంకును దిమ్మెపైకి ఎత్తించడమో, చిన్న ఒత్తిడి పంపు పెట్టించడమో చేయాలి. కొనడానికి ముందే ఈ సంగతి చూసుకోవడం ఉత్తమం.

ఒత్తిడి సరిపోతున్నా నీరు రాకపోతే, నీటి గొట్టం యంత్రానికి కలిసేచోట ఉన్న చిన్న జాలీని చూడాలి. వానాకాలంలో బురదనీరు వచ్చినప్పుడు అది ఒండ్రుతో మూసుకుపోతుంది. కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, గొట్టం విప్పి జాలీని పాత టూత్‌బ్రష్‌తో కడిగితే చాలు.

మురుగు గొట్టం కూడా ఒక కారణమే. దాని కొసను నేలకు సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో నిలపాలి. స్నానాలగదిలో నేలపై పడవేస్తే యంత్రం నింపుకున్న నీరు నింపుకున్నట్టే బయటికి పోతూ ఉంటుంది.

నీరు పోకపోవడం, తలుపు తెరుచుకోకపోవడం

యంత్రం కింది మూలన చిన్న మూత వెనుక పంపు ఫిల్టరు ఉంటుంది. జేబుల్లో మరచిన నాణేలు, తలపిన్నులు, గుండీలు, కాగితపు ముద్ద అక్కడ చేరుతాయి. నెలకొకసారి ప్లగ్గు తీసి, లోపలి నీరు చల్లారిన తరువాత, కింద పళ్లెం పెట్టి, మూతను నెమ్మదిగా తిప్పి శుభ్రం చేయాలి. వేడినీరు ఉండగా విప్పితే చర్మం కాలుతుంది.

లోపల నీరు ఉన్నంతవరకు, వేడి తగ్గనంతవరకు తలుపు తాళం పట్టే ఉంటుంది. అది రక్షణ ఏర్పాటేగాని లోపం కాదు. పని ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. మధ్యలో కరెంటు పోతే, తిరిగి వచ్చినప్పుడు చాలా యంత్రాలు ఆగినచోటి నుంచే కొనసాగుతాయి. కరెంటు ఎంతకూ రాకపోతే ఫిల్టరు ద్వారా నీరు తీసివేసి, తలుపు తెరిచే పద్ధతి పుస్తకంలో చూడాలి. పిడిని బలంగా లాగితే విరుగుతుంది.

కుదుపు, మోత

కొత్త యంత్రంలో డ్రమ్ము ప్రయాణంలో కదలకుండా వెనుకవైపు రవాణా బోల్టులు బిగించి ఉంటాయి. వాటిని తీయకుండా నడిపితే యంత్రం గదంతా దద్దరిల్లేలా ఊగి, లోపలి భాగాలు దెబ్బతింటాయి. తీసిన బోల్టులను పారవేయరాదు. అద్దె ఇల్లు మారేటప్పుడు, లారీలో స్వగ్రామానికి పంపేటప్పుడు వాటిని తిరిగి బిగించాలి. తరచుగా ఊరు మారే కుటుంబాలకు ఇది ముఖ్యమైన సంగతి.

యంత్రం నాలుగు కాళ్లూ గట్టినేలపై సమంగా ఆనాలి. ఒక్క బరువైన దుప్పటి మాత్రమే వేస్తే బరువు ఒకవైపు చేరి, పిండడం ఆగిపోతుంది. దానికి తోడుగా రెండు మూడు తువ్వాళ్లు వేయాలి. డ్రమ్ములో పైభాగాన అరచేయి పట్టేంత ఖాళీ ఉండాలి. యంత్రంపై రాసిన 7 కిలోలు, 8 కిలోలు అనేవి పొడి నూలుబట్టల బరువు. సింథటిక్ బట్టలకు అందులో సగమే తగిన పరిమితి. పొడవైన నూలుచీరలు తాడులా మెలిపడకుండా వలసంచిలో వేయాలి. పట్టుచీరలు, జరీ పంచెలు, బొంతలు, గొంగళ్లు ఈ యంత్రానికి తగినవి కావు.

విద్యుత్ భద్రత

నీరు వేడిచేసేటప్పుడు ఈ యంత్రం సుమారు 2,000 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. కనుక దీనికి 16 ఆంపియర్ల ప్రత్యేక సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడరాదు. ఎర్తింగ్ తప్పనిసరి. అద్దె ఇంట్లో ఎర్తింగ్ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించిన తరువాతే యంత్రం బిగించాలి. ముట్టుకున్నప్పుడు చిన్నగా జివ్వుమన్నా వెంటనే మెయిన్ ఆపి, వాడకం నిలిపివేయాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకోవడం ప్రాణరక్షణకు మేలు. ఉరుములు, పిడుగుల సమయంలో ప్లగ్గు తీసి ఉంచాలి. అడుగున తెరపి ఉంటే ఎలుకలు దూరి తీగలు కొరుకుతాయి. అడుగు మూత ఉన్నదో లేదో బిగించేటప్పుడే చూసుకోవాలి.

మురుగునీరు

సబ్బునీటిని రోడ్డుపైకి, బావి గట్టుకు, తాగునీటి గొట్టాల పక్కకు వదలరాదు. మురుగు కాలువకు గాని ఇంకుడు ఏర్పాటు ఉన్న గుంతకు గాని కలపాలి. చివరిసారి జాడించిన నీటిని బకెట్లలో పట్టి మరుగుదొడ్డి, వాకిలి కడగడానికి వాడుకోవచ్చు.

వారంటీ, ఫిర్యాదు

‘పదేళ్ల వారంటీ’ అనే ప్రకటన చాలాసార్లు మోటారుకు మాత్రమే వర్తిస్తుంది. యంత్రం మొత్తానికి ఎన్నేళ్లో, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు వర్తిస్తుందో లేదో కొనేటప్పుడే చదివించుకోవాలి. బిల్లు, వారంటీ కార్డు, యంత్రం సీరియల్ నంబరు ఒకచోట భద్రపరచాలి. మెకానిక్‌ను పిలిచిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు, తేదీ రాసుకోవాలి. మార్చిన పాత భాగాన్ని చూపమని అడగాలి.

కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ వలస కుటుంబాలకు ఒక మేలు చేసింది. యంత్రాన్ని హైదరాబాద్‌లో కొన్నా, మంచిర్యాలలో కొన్నా, ప్రస్తుతం నివసిస్తున్న లేదా పనిచేస్తున్న జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు దాఖలు చేయాలి.

గుర్తుంచుకోవలసిన పనులు

ప్రతి ఉతుకుకు ముందు: జేబులు చూడాలి, జిప్పులు మూయాలి.
ప్రతి ఉతుకు తరువాత: పట్టీ తుడవాలి, తేమ ఆరనివ్వాలి, కుళాయి కట్టాలి.
నెలకొకసారి: పంపు ఫిల్టరు, సబ్బు సొరుగు కడగాలి, టబ్ క్లీన్ నడపాలి.
రెండు మూడు నెలలకొకసారి: కఠిన జలం ఉన్నచోట సున్నపు పెచ్చు తొలగించాలి, నీటి గొట్టం జాలీ కడగాలి. వానాకాలంలో జాలీని మరింత తరచుగా చూడాలి.
ఏడాదికొకసారి: గొట్టాలకు పగుళ్లున్నాయేమో చూడాలి, ఎర్తింగ్ పరీక్ష చేయించాలి.
ఇల్లు మారేటప్పుడు: నీరంతా తీసివేసి, రవాణా బోల్టులు బిగించాలి.