వాన తప్పిన ఏడు కోడలికి గండం

కరవు అనగానే నెర్రెలిచ్చిన చేను, అప్పు, వలస గుర్తొస్తాయి. అత్తింట్లో ప్రాణం పోయిన ఆడపిల్ల గుర్తుకు రాదు. ఆ రెంటికీ లంకె ఉందని శీతల్ సేఖ్రి, ఆడమ్ స్టోరీగార్డ్ అనే ఆర్థికవేత్తలు 2014లో లెక్క తీసి చూపించారు. మన దేశంలోని 583 జిల్లాల్లో 2002 నుంచి 2007 దాకా కురిసిన వానను, నమోదైన వరకట్న మరణాలను పక్కపక్కన పెట్టి చూశారు. జిల్లా సగటు కన్నా వాన ఒక ప్రామాణిక విచలనం (ఏటేటా వానలో ఉండే మామూలు హెచ్చుతగ్గుల కొలత) మేర తగ్గిన ఏడు ఆ చావులు 7.8 శాతం పెరిగాయి. వానలు మెండుగా పడ్డ ఏళ్లలో అలాంటి తేడా ఏమీ కనిపించలేదు.

ఎందుకిలా? ఆశాభంగమే దూకుడుకు మూలమని 1939లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ డోలార్డ్ బృందం వాదించింది. 1992లో నేరశాస్త్రవేత్త రాబర్ట్ ఆగ్న్యూ ఇదే కోవలో నేరానికి కారణాలు వెతికాడు. కోరుకున్నది అందకపోవడం, ఉన్నది చేజారడం, రోజూ బాధో అవమానమో ఎదురవడం... ఈ ఒత్తిళ్లు కోపాన్ని పుట్టిస్తాయి, కోపం నేరానికి దారితీయవచ్చు అన్నాడు. వాన తప్పిన కౌలు రైతుకు ఈ మూడూ ఒక్కసారే వచ్చిపడతాయి. పెట్టుబడి మట్టిలో కలుస్తుంది, చేతికి రావాల్సిన పంట రాదు, అప్పులవాడు గుమ్మంలో నిలబడతాడు.

అలాగని లేమి ఉన్నచోటల్లా నెత్తురు పారదు. మహా మాంద్యంలో అమెరికాలో హత్యల రేటు 1933 తర్వాత తగ్గుతూ వచ్చింది, నిరుద్యోగం ఇంకా పీడిస్తుండగానే. ఒత్తిడిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది నేరం చేయరని ఆగ్న్యూ కూడా ఒప్పుకున్నాడు.

మరి ఇక్కడ ఏం జరుగుతోంది? కరవుకు జనం మొత్తంగా అదుపు తప్పుతున్నారా అని సేఖ్రి, స్టోరీగార్డ్ ఇతర నేరాలనూ పరిశీలించారు. అలాంటి ఆధారం దొరకలేదు. టాంజానియాలోనూ ఇదే తీరు. అక్కడి పల్లెల్లో కరవో వరదో వచ్చిన ఏడు మంత్రగత్తెల పేరుతో జరిగే హత్యలు బాగా పెరుగుతాయని, మిగతా హత్యలు పెరగవని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ మిగెల్ 2005లో తేల్చాడు. చనిపోయేది ఎక్కువగా ముసలి ఆడవాళ్లు, చంపేది బంధువులు.

అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనకు తెలిసిందే. కానీ ఏ దుత్త మీద చూపాలో ముందే నేర్పి పెట్టింది సమాజం. పుట్టింటి నుంచి డబ్బు తేగలిగేది కోడలే, కొడితే అడిగే దిక్కు లేనిదీ ఆమే. ‘పంట పోయిన బాధలో చెయ్యి చేసుకున్నాడు’ అని పెద్దమనుషులు సర్దిచెప్పడాన్ని నేను ఒప్పుకోను. ఆ చెయ్యి అప్పిచ్చినవాడి మీదికి లేవలేదు కదా!

1961లో కట్నాన్ని నిషేధించి ఇన్నేళ్లయినా, 2022లో దేశంలో 6,450 వరకట్న మరణాల కేసులు నమోదయ్యాయి. ప్రభుత్వాలు కరవు మండలాలను ప్రకటిస్తున్నాయి. అదే రోజు నుంచి ఆ మండలాల్లో కొత్త కోడళ్లున్న ఇళ్ల గడప తొక్కే బాధ్యత కూడా ఎవరికైనా అప్పగించాలి. పంట బీమా సొమ్ము వేళకు అందితే ఆ ఇంట్లో ఒక ప్రాణం నిలవచ్చు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. వానలు లేని ఏడు కూతురు ఫోన్ చేసి ‘డబ్బు అడుగుతున్నారు’ అంటే, ‘సర్దుకుపో తల్లీ’ అనకండి. వెంటనే వెళ్లి ఇంటికి తెచ్చుకోండి. వెళ్లలేకపోతే 181కి ఫోన్ చేయండి.