పంఖా రొద – దాని నిదానము



వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచును. యంత్రమునకైనను ఇదియే న్యాయము. ఇంటి కప్పునకు వ్రేలాడు విద్యుత్ పంఖా చప్పుడు చేయునప్పుడు మనలో పెక్కుమంది దాని నాడి చూడరు. ఒకరు నూనె పోయుదురు. మరియొకరు క్రొత్తది కొందురు. తక్కినవారు చెవులు మూసికొని నిద్రింతురు. నేనును ఈ మూడవ తెగలోనివాడనే. ఆ యలసత్వ మెట్టి యపాయమునకు దారితీయబోయెనో చెప్పి, చప్పుడునకు కారణమును కనుగొను క్రమమును మీకు విన్నవించెదను.

మాది ఆత్మకూరు. ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు రాజధాని. నేడు వనపర్తి జిల్లాలోని మండల కేంద్రము. మా సీమయందు కృష్ణానదిపై 240 మెగావాట్ల దిగువ జూరాల జలవిద్యుత్కేంద్రము కలదు. అచ్చట నీరు చక్రమును త్రిప్పగా విద్యుత్తు పుట్టుచున్నది. మన యింట విద్యుత్తు చక్రమును త్రిప్పగా గాలి పుట్టుచున్నది. పెద్దదైనను చిన్నదైనను తిరుగు చక్రమునకు ధర్మ మొక్కటియే: బరువు అన్నివైపుల సమముగా నుండవలెను, బిగింపు సడలరాదు. సాధారణమైన పంఖా నాలుగడుగుల వెడల్పు గలదై నిమిషమునకు సుమారు 350 మారులు తిరుగును. అనగా గంటకు 21,000 చుట్లు. రెక్క కొన గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగమున పరుగిడును. ఇంతటి వేగమున ఆవగింజంత లోపమైనను మ్రోగకుండునా?

ఒక వైశాఖమాసమున మా నట్టింటి పంఖా టకటకలాడసాగెను. దాని క్రిందనే మా మనుమడు పండుకొనువాడు. పది దినములు సహించితిమి. పదునొకండవనాడు పొరుగింటి కుర్రవాడు వచ్చి, “తాతా, రెండు చుక్కల నూనె వేయించుడు, తగ్గును” అనెను. నూనెకు ముందు నిదానము చేయుదమని నే నంటిని.

మొదటి పరీక్షకు నిచ్చెన యక్కరలేదు. పంఖా పూర్తి వేగమున నున్నప్పుడు స్విచ్చి నార్పి చెవియొగ్గి వినవలెను. విద్యుత్తు ఆగిన క్షణముననే చప్పుడును ఆగి, రెక్కలు మాత్రము తిరుగుచున్నచో దోషము విద్యుత్తునకు సంబంధించినది. అట్లుగాక రెక్కలు తిరుగునంతసేపును చప్పుడు వినవచ్చుచున్నచో దోషము రెక్కలలోనో, బిగింపులలోనో, బేరింగులలోనో యున్నది.

మొదటి తెగ గుయ్యిమను రొద. ఇది తక్కువ వేగమున హెచ్చి, పూర్తి వేగమున తగ్గినచో తరచుగా రెగ్యులేటరే కారణము. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులలో కొన్ని విద్యుత్ప్రవాహమును తునుకలు తునుకలుగా కత్తిరించి పంపును. ఆ కుదుపునకు మోటారులోని తీగచుట్లును ఇనుప రేకులును కంపించి మ్రోగును. కెపాసిటరుతో పనిచేయు మెట్ల రెగ్యులేటరు నమర్చినచో ఈ రొద తగ్గును. పంఖా మునుపటికంటె మందగించినను, ఆరంభమున తిరుగలేక తడబడినను, పంఖాలోని కెపాసిటరు నీరసించినదేమో యని యనుమానింపవలెను. అది విద్యుత్తు నార్పిన పిదపను కొంత శక్తిని దాచియుంచగలదు. కావున దాని జోలికి మనము పోక పనివానిని పిలువవలెను.

మా పంఖా స్విచ్చి నార్పిన పిదపను టకటకలాడెను. కావున రెండవ తెగలోనిదని తేలెను. ఇక నిచ్చెన యెక్కవలసియుండెను. ఇందుకు స్విచ్చి నార్పుట చాలదు. మెయిన్ కూడ నార్పవలెను. రెక్కలు పూర్తిగా నిలిచియుండవలెను. నిచ్చెన పట్టుకొనుట కొకరు క్రింద నుండవలెను. మా కుమారు డెక్కెను. నేను నిచ్చెన పట్టితిని.

మొదట రెక్కలను చూడవలెను. ఒకదానిపై హెచ్చుగను, మరొకదానిపై తక్కువగను దుమ్ము పేరుకొన్నచో బరువు చెడి పంఖా ఊగును. రెక్కను క్రిందనుండి ఒక చేత నానించి తడిగుడ్డతో తుడువవలెను. లేనిచో రెక్క వంగును. పిదప రెక్కల మరల నన్నిటిని బిగింపవలెను. కప్పునుండి ఒక పుల్లతో కొలిచి, ఒక్కొక్క రెక్క కొనను అదే చోటికి త్రిప్పి చూచినచో ఏది వంగినదో తెలియును. రెక్కలను కర్మాగారమున బరువు సరిచూచి జతపరతురు. కావున ఒక పంఖా రెక్కను మరొక పంఖాకు తగిలింపరాదు. ఇంతవరకు చేయగా మా పంఖా ఊగుట తగ్గెను గాని టకటక పోలేదు.

తరువాత రెక్కను చేతితో మెల్లగా త్రిప్పితిమి. గరగర తగిలినచో బేరింగులు అరిగినవని యర్థము. నేటి పంఖాలలో మూతగల బేరింగులు వాడుట సామాన్యము. పైనుండి పోసిన నూనె వానిలోనికి చేరదు. దుమ్మును మాత్రము పట్టియుంచును. అట్టివానిని మార్పించుటయే మార్గము. మాది నున్నగా తిరిగెను.

కడపట కప్పు దగ్గరి గిన్నెను క్రిందికి దింపితిమి. అది కమ్మికి తగిలినను చప్పుడగును. కాని మాకు కనబడినది వేరు. కొక్కెమునకును బోల్టునకును నడుమ నుండవలసిన రబ్బరు అరిగిపోయినది. నట్టు సగము దాక వెనుకకు తిరిగినది. అది యూడకుండ బోల్టు కొనకు దూర్చు స్ప్లిట్ పిన్ను అసలే లేదు! బండి యిరుసు కొనకు శీల యెట్టిదో, పంఖాకు ఆ పిన్ను అట్టిది. శీల లేని బండి నెక్కి మనలో నెవరును పయనింపరు గదా. పది రాత్రు లట్టి పంఖా క్రింద పసివానిని పండుకొనబెట్టితిమి. అది నా కుమారుని చేత చూచినప్పుడు నా చేతిలోని నిచ్చెన వణకెను.

క్రొత్త రబ్బరు, క్రొత్త బోల్టు, పిన్ను వేయించితిమి. ఆ స్వల్పవ్యయముతో టకటక మాయమయ్యెను. ఆనాడు నూనె పోసి తృప్తిపడియుండినచో ఏమయ్యెడిదో తలపజాలను.

పెద్దలారా! శివరాత్రి దాటి యెండలు ముదురకముందే ఏటేట నొకమారు గిన్నె దింపి బోల్టును పిన్నును చూపించుడు. చప్పుడు యంత్రము చెప్పు మాట. దానిని వినుట మన ధర్మము. సెలవు.